చచ్చి లేచిన రాజు

మా ఎడపల్లిలో చెరుకు కొట్టేవాళ్ళకు కరువు లేదు. వేషం కట్టేవాళ్ళే తక్కువ. పక్కింటి లింబయ్య రెండూ చేస్తాడు. ఊరి నాటకంలో చచ్చే రాజు ఎవరైనా అది లింబయ్యే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆట నచ్చితే మధ్యలోనే స్టేజీ ఎక్కి వేషగాడికి తువ్వాల కప్పుతారు. వాడు ఏం చేస్తున్నా ఆపి, కప్పినవాళ్ళ పేరూ, ఎవరింటి బిడ్డో చెప్పి దీవించాలి. లేకపోతే ఇంటిల్లిపాదినీ అవమానించినట్టే.

రెండేళ్ళ కింద హైదరాబాద్ వాళ్ళు వచ్చి ఊరి నాటకం మీద నవ్వుల సినిమా తీశారు. లింబయ్యకు రాజు వేషం ఇచ్చి, చచ్చాక కదలొద్దని మరీ మరీ చెప్పారు. లింబయ్య బాగానే చచ్చాడు. అంతలో అతని భార్య రేణుకమ్మ, ఏనాడూ మొగుడి ఆట చూడని మనిషి, జనంలోంచి పోయి శవానికి తువ్వాల కప్పింది. శవం లేచి కూర్చుంది.

"మా ఇంటామె రేణుకమ్మ సల్లగుండాలె" అని దీవించి, మళ్ళీ పడుకుంది.

డైరెక్టర్ తల పట్టుకున్నాడు. సినిమా నిజామాబాద్‌లో వారం కూడా ఆడలేదు. తన వల్లే పోయిందనుకుని లింబయ్య ఆ సినిమా చూడలేదు, వేషం కట్టడమే మానేశాడు. భార్యను ఒక్క మాట అనలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధ.

మొన్న మా మనవరాలు కావ్య ఫోన్లో ఆ సినిమా దొరికితే ఇద్దర్నీ పిలిచాను. లింబయ్య వచ్చి మా గడప బయటే ఆగిపోయాడు.

"నా తప్పు నాకే సూపిస్తవా, అవ్వా?"

"నీ మొకం రోజూ సూస్తనే ఉన్న. సినిమా సూద్దామని పిలిచిన. కూసో."

సినిమా బాగుంది. పేరు నాకు నోరు తిరగదు, కావ్యను అడిగి మీరూ చూడండి. నాటకం రానివాళ్ళు నాటకం వెయ్యబోయి పడే తిప్పలు. ఒకడి మీసం ఇంకొకడి మూతి మీద ఉంటుంది. శవం లేచిన ముక్క తీసెయ్యలేదు, అలాగే ఉంచారు. కావ్య పడీపడీ నవ్వింది. రేణుకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లింబయ్య నవ్వలేదు. అదే ముక్క మళ్ళీ పెట్టించుకుని చూసి, భార్య వైపు తిరిగాడు.

"పేరొక్కటే సెప్పిన. రెంజలోళ్ళ బిడ్డ అని సెప్పలే. సగమే దీవించిన."

"అయితే ఈ యేడు మల్ల సావు" అంది రేణుకమ్మ. "నేనొస్త."

తెల్లారి లింబయ్య కిరీటం ఎవరింట్లో ఉందో వెతకడానికి పోయాడు.