నాలుగింటికి నీళ్ళు నిండే బావి

నా చిన్నప్పుడు భిలాయి సెక్టర్ 2లోని మా క్వార్టర్లో దేవుడి గూటి పక్కన ఒక మేకు ఉండేది. దానికి మా తాతయ్య నీలం అద్దం వేలాడేది. అరచేయంత అద్దం, చుట్టూ చెక్క చట్రం, పట్టుకోడానికి చిన్న పిడి. ఉక్కు కరిగే ఫర్నేసులోకి ఉత్త కళ్ళతో చూస్తే చూపు పోతుంది, అందుకని ఆ అద్దం అడ్డం పెట్టుకుని చూసేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి ఆ అద్దంలోంచే ఉక్కు ఉడుకు కనిపెట్టిన మనిషి మా తాతయ్య. రిటైరైన రోజు పై ఆఫీసరు దాన్ని ఆయనకే ఇచ్చేశాడు. ఇంట్లో ఎవరు దేన్ని ముట్టుకున్నా పట్టించుకోడు గానీ, ఆ అద్దం మీద చెయ్యి పడితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

మా పక్కింట్లో ఒక నర్సక్క ఒక్కతే ఉండేది. వాళ్ళూ మా వైపు నుంచి వచ్చినవాళ్ళే, క్రైస్తవులు. వాళ్ళమ్మ ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో జీవితమంతా కాన్పులు చేసి, చేసి, అలాగే పోయింది. మా ఊళ్ళోని పవర్ హౌస్ బజారు నుంచి బస్సులో గంట దూరంలో దొరల కాలం నాటి ప్రెస్బిటేరియన్ చర్చి ఒకటుంది. దాని గోడల నిండా రంగుటద్దాల కిటికీలు. ఒక్కో కిటికీ కింద ఎవరో ఒక పోయినవారి పేరు. అన్నీ దొరల పేర్లూ, దొరసానుల పేర్లూను. పడమటి గోడకున్న చివరి కిటికీ ఒక్కటే మన మనిషిది, నర్సక్క వాళ్ళమ్మది. ఆవిడ చేతిలో పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళై పెట్టించిన కిటికీ అది. బావిలో నీళ్ళు తోడుతున్న ఆడమనిషి బొమ్మ. 'మీకూ ఆ చర్చికీ ఏమిటమ్మా సంబంధం' అని ఇప్పటికీ నన్ను అడిగే బంధువులున్నారు. వినే ఓపిక మీకుంటే చెప్పే ఓపిక నాకుంది, కూర్చోండి అంటాను.

ఒక ఏడు వడగళ్ళ వానకి ఆ కిటికీలో ఒక ముక్క పగిలింది. సరిగ్గా బావిలో నీళ్ళున్న నీలం ముక్క. నెలల తరబడి అక్కడ అట్టముక్క అడ్డం పెట్టారు. అలాంటి గాజు ఎక్కడా దొరకలేదు. చివరికి సంఘ పెద్ద, వాళ్ళ చర్చి వ్యవహారాలు చూసే పెద్దమనిషి, ఒక మాట తేల్చేశాడు. వాళ్ళమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యేదాకా చూద్దాం, అప్పటికీ దొరక్కపోతే కిటికీ మొత్తం తీసేసి మామూలు గాజు వేయిద్దామన్నాడు. నర్సక్క మా గుమ్మం మెట్టు మీద కూర్చుని ఆ సంగతి చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని మా నానమ్మ తర్వాత అంది.

తాతయ్య లోపలికెళ్ళి మేకు మీది అద్దం తీశాడు.

"ఏటి, ఫర్నేసద్దం పట్టుకెళ్ళి గుడికి పెడతారా?" అంది నానమ్మ.

"దేవుడి గూటి పక్కన ఇన్నాళ్ళున్నాది కదే. దానికి గుడి కొత్తా?" అన్నాడు తాతయ్య.

ఒక సాయంత్రం చర్చికెళ్ళి పగిలిన ముక్క కొలత తీసుకున్నాడు. పవర్ హౌస్ బజార్లో పటాలు కట్టే భయ్యా దగ్గర అద్దాన్ని ఆ కొలతకి కోయించాడు. ప్రార్థనకి ముందురోజు చీకటి పడే వేళకి పాత సీసం పట్టీల మధ్య తనే కూర్చోబెట్టి వచ్చాడు. ఆదివారం ఉదయం నన్ను కూడా తీసుకెళ్ళాడు. నాకప్పుడు పదేళ్ళు. నోరు మాత్రం ఇప్పుడున్నంతే.

చర్చిలో అడుగుపెట్టి కిటికీ వైపు చూశాను. చుట్టూ ఎరుపూ, పసుపూ, ఆకుపచ్చా మెరుస్తున్నాయి. మధ్యలో బావి ఉండాల్సిన చోట బొగ్గుముక్క. "తాతయ్యా, నల్లగా ఉంది" అన్నాను, అందరికీ వినపడేలా. నేను అనేదాకా ఎవరూ నోరు విప్పలేదు. నేను అన్నాక ఇంకెవరూ ఆగలేదు. సంఘ పెద్ద దగ్గరికొచ్చి "చాచా, యే తో కాలా హై" అన్నాడు హిందీలో, ఇది నల్లగా ఉందే అని. మంచి మనిషే, మెల్లగానే అన్నాడు. నర్సక్క తల వంచుకుంది.

జరిగిన పొరపాటు ఇప్పుడు నాకు అర్థమవుతుంది. మామూలు రంగు గాజుకి పగటి వెలుతురు చాలు. ఫర్నేసద్దం మంటని ఆపడానికి చేసింది, దానికి ఆ వెలుతురు ఏ మూలకి? తాతయ్య దాన్ని ఎప్పుడూ నిప్పుకి ఎదురుగానే పట్టుకుని చూశాడు. అద్దం అన్నాక దాని వెనకాల మంట ఉండే ఉంటుందనుకోవడం ఉక్కు మనుషులు మాత్రమే చెయ్యగల పొరపాటు.

తాతయ్య వాదించలేదు. తప్పు నాదే, పొద్దుటి సంగతి ఆలోచించలేదు అన్నాడు. తియ్యడానికి పది నిమిషాలు చాలు, ప్రార్థన మాత్రం సాయంత్రం నాలుగింటికి పెట్టుకోండి, అప్పుడూ ఇలాగే ఉంటే నా చేత్తో నేనే తీసేస్తాను అన్నాడు. సంఘ పెద్ద నర్సక్క వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

అందరూ భోజనాలకి వెళ్ళారు. మేమిద్దరం బల్ల మీద మిగిలాం. నాకు ఆకలి, సిగ్గు, రెండూను. నలుపుని నలుపనడం తప్పా అని తాతయ్యతో తగువేసుకున్నాను. ఆయన కిటికీ మీంచి చూపు తిప్పకుండానే, "తప్పు కాదు. కానీ మొదటి సూపుకే ఉక్కు ఉడికిందని సెప్పేత్తామేటి పిల్లా? మళ్ళీ సూత్తాం. వేళ సూసుకుని సూత్తాం" అన్నాడు. మూడింటికి మబ్బు పట్టింది. ఆయన కాళ్ళు మెల్లగా ఊపడం మొదలుపెట్టాడు. ఉక్కు అదుపు తప్పుతుందనిపించినా ఇలాగే ఊపేవాడేమో, నాకు తెలీదు. నాకు భయం వేసింది.

నాలుగు దాటింది. జనం తిరిగొచ్చారు. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. అప్పుడు మబ్బు జరిగి, పడమటికి దిగిన సూర్యుడు సరిగ్గా ఆ కిటికీ వెనక్కి వచ్చాడు. ఎరుపూ పసుపూ వెలవెలబోయాయి. బావి వెలిగింది. అంత లోతైన నీలం నేను మళ్ళీ చూడలేదు. గోడ మీంచి దిగి, నేల మీద పాకి, నర్సక్క తెల్లచీర ఒళ్ళో ఆగింది. పావుగంట ఉండి, పోయింది. బావి మళ్ళీ నల్లబడింది.

సంఘ పెద్ద ఇరకాటంలో పడ్డాడు. రోజంతా నలుపు, పావుగంట వెలుగు, ఇలాంటి దాన్ని ఉంచాలా వద్దా? నర్సక్కనే అడిగాడు. ఆమె ఒడిలోకి చూసుకుంటూ, "ఉండనివ్వండి. మా అమ్మ మాత్రం రోజంతా నవ్విందేంటి? డ్యూటీ దిగాకే కదా" అంది. ఆవిడ్ని ఎరిగినవాళ్ళంతా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూనే. ఆ రోజు ప్రార్థన వేళకి మొదలవలేదు.

కిటికీ ఇవాళ్టికీ అక్కడే ఉంది. ప్లాంట్లో చేసిన ఉక్కు ఏ పట్టాలయిందో, ఏ వంతెనయిందో నాకు తెలీదు. మా తాతయ్య పెట్టిన ముక్క ఎక్కడుందో తెలుసు. ఆ గర్వం నాకు చాలా ఎక్కువ, దాచుకోను.

వాదనలు మాత్రం మానలేదు. కాలేజీలో చేశాను, ఇంట్లో చేస్తాను, కూరగాయల బండి దగ్గర కూడా చేస్తాను. అయితే మా పిల్లలకి ఈ కథ చెప్పి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. మొన్న మా కొత్తకోడలు ముభావంగా ఉందని, పొగరని తేల్చేసి నేను మొదలుపెట్టబోతే, మావాడు పేపర్లోంచి తల ఎత్తకుండా "అమ్మా, ఇంకా నాలుగవలేదు" అన్నాడు.

ప్రపంచంలో ఏ మాటకైనా నా దగ్గర ఎదురుమాట ఉంది. ఆ ఒక్కదానికే లేదు. వెళ్ళి ఆ పిల్లకి టీ పెట్టాను.