నీలం దిగని చోటు

అంగడికి వచ్చిన గిరాకీని స్నేహితుడనుకోవడం నా ముప్పై ఏళ్ళ పనిలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువతనం. చదువులేనివాడు చేశాడంటే సరేననుకోవచ్చు. నేను ఏడో తరగతి చదివి మరీ చేశాను.

అది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు. ప్రొద్దుటూరులో నూనె మిల్లుల వీధి చివర నాది తుపాకుల మరమ్మతు అంగడి. లైసెన్సు ఉన్నవాళ్ళే రావాలి. వాళ్ళు ఊరికి నలుగురు, వాళ్ళ తుపాకులేమో తొందరగా చెడవు. అందువల్ల నేను ఎక్కువగా మాట్లాడింది స్ప్రింగులతోనే. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు.

ఒక గురువారం పులివెందుల దగ్గరి పల్లె నుంచి శేషారెడ్డి అనే రైతు తన తండ్రి నాటి రివాల్వర్ తెచ్చాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ సరుకు. రంగు పోయి పాత గొడుగులా వెలిసి ఉంది. లైసెన్సు కాగితం చూసి తీసుకున్నాను.

"మస్తానూ, దీంట్లో నా మొగం కనపడల్ల," అన్నాడు.

"కనపడతాదిలేప్పా. కనపడినాంక నన్ను తిట్టగూడదు."

పడీపడీ నవ్వాడు. నా మాటకు ఒకరు నవ్వి రెండేళ్ళయింది. అక్కడే పడ్డాను.

తుపాకీకి పోయిన రంగు మళ్ళీ ఎక్కించే ఈ పనిని బ్లూయింగ్ అంటారు. పేరుకు నీలం గాని, చూపుకు అర్ధరాత్రి బావినీళ్ళ నలుపు. ముల్లును ముల్లుతో తీసినట్టు ఇది తుప్పును తుప్పుతో ఆపే విద్య. ముందు ఎమెరీ అనే గరుకు కాగితాన్ని చెక్కబద్దకు చుట్టి, అంచులు అరగకుండా, ఒక్క గీత మిగలకుండా ఇనుమును రుద్దాలి. సున్నపు నీళ్ళతో జిడ్డు కడగాలి. తుప్పు పుట్టించే యాసిడ్ మందు పూసి, తడి గోనెలు కట్టిన పెట్టెలో వేలాడదీస్తే ఎర్రటి తుప్పు లేస్తుంది. దాన్ని వాననీళ్ళలో ఉడికిస్తే ఎరుపు నలుపవుతుంది. సన్నతీగ బ్రష్షుతో పైపొడి దులిపితే ఒక పూత అయినట్టు. ఎనిమిది పూతలు చాలు.

శేషారెడ్డి ప్రతి గురువారం శనక్కాయల బేరానికి వచ్చి, నా స్టూలు మీద కూర్చుని ఎద్దుల సంగతులు, వానల సంగతులు చెప్పేవాడు. జొన్నరొట్టె తెస్తే సగం నాకు పెట్టేవాడు. నాలుగో పూత నాడు ఏదో ఎద్దు కథకు నవ్వుతూ తల గోక్కుని, అదే చేత్తో రివాల్వర్ పట్టుకున్నాను. తలనూనె తగిలిన చోట తుప్పు లేవదు, తుప్పు లేవని చోట నలుపు దిగదు. మర్నాటికి రివాల్వర్ పక్కభాగాన నా బొటనవేలి ముద్ర పాలిపోయి తేలింది. నా భార్య ఉన్నన్నాళ్ళూ నా తలకు తువ్వాలు బిగించి గాని పనికి కూర్చోనిచ్చేది కాదు. "నీ తలలో ఉండేదంతా పైన పూసిండే నూనే," అనేది.

మళ్ళీ ఎమెరీ దగ్గర నుంచి మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించాను. ఇంకొన్ని గురువారాలు దొరికాయి. ఎనిమిది పూతలకు ఆగాల్సింది పద్నాలుగు పూశాను. చూసినవాళ్ళు ఆ నలుపులోని లోతును మెచ్చుకున్నారు. అది నా పనితనం కాదు, మాట్లాడే మనిషి లేకపోవడం.

పని అయిపోయాక గురువారాలూ అయిపోయాయి. రెండు నెలల తర్వాత ఒక తుపాకీ ఇచ్చి రావడానికి జమ్మలమడుగు వెళ్ళాను. ఆ గిరాకీ ఇంటి అరుగు మీద నలుగురి మధ్య శేషారెడ్డి. అందరూ ఆ రివాల్వర్‌ను చేతులు మార్చి చూస్తున్నారు.

"యాడ చేపిచ్చినావు మామా?" అని ఒకాయన అడిగాడు.

"మద్రాసులో. మన ప్రొద్దుటూరోళ్ళకు యాడ చేతనైతాది?"

అంటూనే నన్ను చూశాడు. స్తంభాన్ని చూసినట్టు చూసి అటు తిరిగాడు. ఇచ్చేది ఇచ్చి బస్సెక్కాను. ఆ రోజు నుంచి స్టూలును గోడవారకు నెట్టి పెట్టాను.

వానాకాలం పోయాక శేషారెడ్డే వచ్చాడు. రివాల్వర్‌ను నెలల తరబడి తోలుసంచిలోనే ఉంచాడట. తోలు చెమ్మ పీల్చి ఇనుమంతా మచ్చలు.

"ఏంది మస్తానూ, ఇట్లయింది?"

"మద్రాసుకు పంపితే పోలేదా అప్పా?"

"అంత దూరం ఎవురు పోతారులే," అని, స్టూలును తనే ఇటు లాక్కుని కూర్చున్నాడు. జొన్నరొట్టె మూట విప్పాడు. నేను తిన్నాను. రోషం ఉంది గాని ఆకలి కూడా ఉంది.

ఈసారి తలకు తువ్వాలు నేనే కట్టుకున్నాను. సరిగ్గా ఎనిమిది పూతలు, ఒక్కటి ఎక్కువ కాదు. అయితే మొదటి పూతకు ముందు పిడి చెక్కలు విప్పి, తువ్వాలు కొంచెం ఎత్తి, బొటనవేలిని తలకు రాసి, చెక్క కింద దాగే ఇనుము మీద గట్టిగా ఒత్తాను. పూతపూతకూ అక్కడే ఒత్తాను. చుట్టూ నలుపు దిగింది, ముద్ర తెల్లగా నిలిచింది. ఎవరికీ కనపడకుండా పైన చెక్కలు బిగించాను.

గిరాకీని స్నేహితుడనుకోకూడదని ఆ రివాల్వర్ నాకు నేర్పింది. శేషారెడ్డి దాన్ని ఏ అరుగు మీద తీసినా, ఏ ఊరి పేరు చెప్పినా, నా చేతిలో చెయ్యి పెట్టకుండా మాత్రం పట్టుకోలేడు.