జాడ చూసే యల్లమ్మ

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న తెల్లదొరల కాలం. పుల్లలచెరువు చుట్టుపక్కల గొర్రె పోయినా, మనిషి పోయినా ముందు యల్లమ్మకు కబురు వెళ్లేది, ఆ తరవాతే పోలీసు ఠాణాకు. కాలి జాడ చూడటం నాయన నేర్పిన విద్య. అడుగు చూసి ఆ మనిషి బరువు మోశాడా, కుంటాడా, వెనక్కి తిరిగి చూశాడా అన్నీ చెప్పేసేది. అబద్ధం మాత్రం చెప్పేది కాదు. నీతి కోసం అనుకునేరు! ఆమె పొగరుకు అది సరిపడదు, అంతే.

అలాంటి మనిషిని కట్టుకుని కానిస్టేబుల్ ఓబులేసు ఒక తెలివితక్కువ మాట అన్నాడు. "పోలీసోని పెళ్ళాం దొంగల యెనక నేల చూసుకుంటా తిరిగితే నా పరువేం గావాల? ఇంట్లో పడుండు."

"నీ పరువు నువ్వే ఉంచుకో" అని యల్లమ్మ ఆ పూటే పుట్టింటికి నడిచింది. ఐదేళ్లయింది. ఇద్దరూ ఇద్దరే, ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఇప్పుడు ఆ ఓబులేసు మెడకే ఉచ్చు పడింది. గొర్రెల దొంగ నాగుల్ని దోర్నాల నుంచి మార్కాపురం తీసుకెళ్తూ దారిలో వాగు దగ్గర పోగొట్టుకున్నాడు. కళ్లలో ఇసక కొట్టి పారిపోయాడని ఇతను, కావాలనే వదిలేశావని ఎస్సై. తేలకపోతే ఉద్యోగం పోవడమే కాదు, జైలూ తప్పదు. వాగు ఒడ్డున ఇసకలో పడిన అడుగులు చెదరకుండా మేకల కాపర్లు వాటి మీద తట్టలు బోర్లించి ఉంచారు. ఎస్సై యల్లమ్మను అక్కడికే పిలిపించాడు.

"మొగుడి విషయంలో భార్య సాక్ష్యం ఎవరూ నమ్మరు. కానీ మీ తగువు తాలూకా అంతటికీ తెలుసు. అందుకే నిన్ను నమ్ముతాను. చూసి చెప్పు" అన్నాడు.

యల్లమ్మ మొగుడి వైపు చూసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇసకకో, ఏడుపుకో. ఒక్క మాట అంటే చాలు, ఐదేళ్ల కసి తీరిపోతుంది. ఛీ, అనుకుని కొంగు బిగించి తట్టలు తీసింది.

"ఈడ నాగులు నీళ్లకని వంగినాడు. ఇదో, పిడికెడు ఇసక ఎత్తిన గుంట. ఈడ మా ఆయన మోకాళ్ల మీద పడినాడు. లేసి ఉరికినాడు చూడండి దొరా. కాలి యేళ్లు దిగినాయి, మడమ ఆనలేదు."

"నాటకానికి పరిగెత్తి ఉండొచ్చుగా?"

"నాటకమాడేటోడు నాగులు పోయిన దిక్కు ఇడిసిపెట్టి రేగిపొదలో పడతాడా? కండ్లు కనపడనోడే పడతాడు."

పొదలో ముళ్లకు ఖాకీ పీలిక వేలాడుతోంది. ఎస్సై దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. "సరే, రాసుకుంటాను. కానీ దొంగ దొరికేదాకా విచారణ ముగియదు" అని గుర్రం ఎక్కి వెళ్లిపోయాడు.

ఓబులేసు దగ్గరికొచ్చాడు. "తప్పంతా నాదే, యల్లమ్మా. ఇంటికి పోదాం రా."

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "నీకు బుద్ధి యెప్పుడొస్తాదయ్యా! ఇప్పుడు నీ యెంట వస్తే, మొగుడి కోసం అబద్ధం చెప్పిందంటారు. నువ్వు జైలుకు పోతావు. నాగులు దొరికిందాకా నేను నీ పెళ్ళాన్ని గాను." అడవి వైపు వంగి ఒక అడుగు చూసింది. "నడువు నా యెనక. జాడ తొక్కొద్దు."

ఓబులేసు తల వంచుకుని, ఆమె కాలు పెట్టిన చోటే కాలు పెడుతూ నడిచాడు.