వస్తాదు నెహెమ్యా

కృష్ణపట్నం రేవు గేటు దగ్గర కాపలా కాసే వస్తాదు నెహెమ్యా చెవులు ఎండిన పుట్టగొడుగుల్లా ముడుచుకుపోయి ఉంటాయి. ఫ్రీస్టైల్ కుస్తీలో రాష్ట్ర చాంపియన్‌గా ఉన్న రోజుల్లో, అతను నాయుడుపేటలో మనిషిని ఎత్తి కుదేస్తే ఇక్కడ రేవులో ఓడలు ఊగేవి! ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే ముందు మోకాళ్లను బతిమాలుకోవాలి. ఈ తీరంలో యూదులంటే అతనూ, అతని తండ్రీ, ఇద్దరే. నిన్నటి తుపానులో తండ్రి పోయాడు. కొడుకు చదవాల్సిన ప్రార్థనకు పదిమంది యూదు మగవాళ్లుండాలి. గుంటూరు వైపు నుంచి బయలుదేరిన బంధువులు రోడ్డు తెగి దారిలోనే చిక్కుకున్నారు. శవాన్ని నిలవ ఉంచడం వాళ్ల ఆచారం కాదు.

పక్కింటి క్రీస్తురాజు తన చర్చివాళ్లను గుంపుగా, తవ్విన గుంట దగ్గరికి వెంటబెట్టుకొచ్చాడు.

"కావాల్సినంతమందిని పట్టకొచ్చినాను. దేవుడొకడే గదన్నా, చదువు."

"మీరు లెక్కకు రారు రాజూ."

"ఏందన్నా, మేం మనుషులం గాదా?"

"మనుషులేరా. మా నాయన దగ్గిర దొంగాట కుదరదు."

నెహెమ్యా చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత పార తీసి క్రీస్తురాజు చేతికిచ్చాడు.

"మన్ను పొయ్యండి. దానికెవురైనా పనికొస్తారు."

ప్రార్థన లేకుండానే గుంట పూడింది.