పెద్దమ్మ ఇంటికి కట్టిన విలువ

తొంభైల్లో నేను అరబ్బు దేశంలో, ముఐథర్‌ అనే చోట ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. మేడమ్ వాళ్ళమ్మ మంచాన ఉండేది. ఆమెకు ఒళ్ళు తుడవడం, పక్కకు తిప్పడం, గంజి తాగించడం నా డ్యూటీ.

అదే కాలంలో కడప జిల్లాలో మా పెద్దమ్మ తుంటి విరిగి మంచం పట్టింది. ఆమెకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. చూసుకునేది చెల్లెలు, మా చిన్నమ్మ. మొగుడు వదిలేస్తే వయసులోనే అక్క దగ్గరికొచ్చి, ఆ ఇంట్లోనే ముసలిదైంది. ఇప్పుడు ఆమెకూ నడుము పడిపోయి అక్కను లేపలేకపోతోంది.

టౌనులో ఒక ఆశ్రమంలో మంచాన పడ్డవాళ్ళను ఉచితంగా చూస్తారని తెలిసి చిన్నమ్మ పోయి అడిగింది. ఇల్లు ఎవరి పేరున ఉందన్నారు. అక్క పేరునే అంది. అయితే అమ్మి ఆ డబ్బు ఆశ్రమానికి కట్టమన్నారు.

శుక్రవారం సెలవు దొరికితే మనవాళ్ళు ఎక్కువుండే ఉమ్ ఘువైలినా పేటకు పోయి, వీధి టెలిఫోన్ నుంచి ఆశ్రమం మేనేజరుకు ఫోన్ చేశాను.

“సార్, ఆ ఇంట్లో మా చిన్నమ్మ ఉంటాది. అమ్మితే ఆమె యాడికి పోవాల?”

“మేం చేర్చుకునేది ఒక్కరినమ్మా. రెండో ఆవిడతో మాకు సంబంధం లేదు.”

“ఇన్నేండ్లు చాకిరీ చేసింది ఆమే కద సార్!”

“చేసుండొచ్చు. ఇల్లు ఆమె పేరున లేదుగా. ఆస్తి ఉన్న మనిషిని అనాథ కింద ఎట్లా చేర్చుకుంటాం?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆస్తంట! రెండు గదులు, ఒక వసారా. ఆకలైతే గోడలు పెళ్ళగించి తింటారా?

“ముందు మీ అమ్మను బయటికి గెంటి మీ ఇల్లు అమ్ముకోపో!” అని అరిచి ఫోన్ పెట్టేశాను.

ఫోన్ కోసం నా వెనక నిలబడ్డ ఒక కరీంనగర్ ఆయన “ఏమైందక్కా, జర నిమ్మళంగుండు” అన్నాడు. ఆయన మీద కూడా కోపమే వచ్చింది.

ఇంటికొచ్చి ముసలామె దుప్పటి విసురుగా లాగి మార్చాను. ఏమైందని మేడమ్ అడిగింది. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను.

“ఇల్లుంటే మనిషిని చూడరా? ఎందుకు?” అంది. నిజంగానే అర్థం కాలేదు ఆమెకు. వాళ్ళమ్మ మంచం పక్కన నన్ను పెట్టేముందు ఆ మేడకు ఎవరూ వెల కట్టలేదు మరి.

తర్వాత పెద్దమ్మే పట్టుబట్టింది. జీపులో పడుకోబెట్టి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయారు. ఇల్లు చెల్లెలికి దానంగా రాసి వేలిముద్ర వేసింది. “ఇప్పుడు నాకేం లేదు, చేర్చుకోమని చెప్పు” అందంట.

చిన్నమ్మ మళ్ళీ ఆశ్రమానికి పోయింది. ఉచితంగా చేరడానికే ఇల్లు తప్పించారు, కుదరదన్నాడు ఆ మేనేజరు. ఇల్లున్నప్పుడు ధనవంతురాలు, ఇచ్చేశాక మోసగత్తె! మనిషి మాత్రం మంచంలో అట్లాగే ఉంది.

ఇక పెద్దమ్మను ఎక్కడికీ పంపలేదు. పక్కింటామె ఓ చెయ్యి వేస్తే, చిన్నమ్మ నడుముకు తుండుగుడ్డ బిగించుకుని అక్కను లేపేది. వీపంతా పుండ్లు పడి, ఎండాకాలంలో పెద్దమ్మ పోయింది. పుండ్లు పడకుండా మనిషిని ఎట్లా తిప్పాలో నాకు బాగా తెలుసు. నా చేతులు ముఐథర్‌లో ఉండిపోయాయి.

సెలవు మీద ఊరికి పోయినప్పుడు ఆశ్రమం వాళ్ళు చందాలకొచ్చారు. చిన్నమ్మ అలవాటుకొద్దీ వాళ్ళకు మంచినీళ్ళు తెస్తోంది. నేను చెంబు లాక్కుని, “లేవండి మా వసారాలోంచి” అన్నాను. లేచి పోయారు. నా కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.