రెల్లు కోసిన బొటనవేలు

మొన్న బ్యాంకులో యంత్రం నా వేలిముద్రను ఒప్పుకోలేదు. బొటనవేలు తుడిచి పెట్టాను, తడిచేసి పెట్టాను, చివరికి ఎడమచేతిదీ పెట్టాను. లాభం లేకపోయింది. "ఏం పని చేసేవారండీ?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి. నర్సునన్నాను. "అదీ సంగతి, గీతలన్నీ అరిగిపోయాయి" అంది నవ్వుతూ. ముప్పై ఏళ్లు రోజంతా చేతులు కడుక్కుంటే గీతలు మిగలవని నాకు తెలియక కాదు గానీ, మనవరాలి ఈడు పిల్ల చెబితే కాస్త ఉడుక్కున్నాను. బయటికొచ్చాక మాత్రం నా ధ్యాసంతా మా అమ్మమ్మను కన్న తాతమ్మ వేలి మీదికి పోయింది. ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ బొటనవేలి ముద్ర మాత్రం చూశాను, అదీ సౌదీలో, నేను పనిచేసిన జుబైల్ ఆసుపత్రిలో.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. మా అమ్మమ్మ మంచం పట్టింది. శుక్రవారం శుక్రవారం నేను ఫోన్ చేస్తే తన కాళ్లనొప్పుల గురించి కాదు, పొలం గురించి మాట్లాడేది. గోదావరి లంకలో మాకు చిన్న పొలం చెక్క ఉంది. మనిషెత్తు రెల్లు నరికి, ఎవరూ అడుగుపెట్టని మేట మీద తొలిసారి మిరప నాటింది తన తల్లేనని అమ్మమ్మ చెప్పేది. మా మావయ్య మాత్రం ప్రతి క్రిస్మస్‌కీ చుట్టాలందరి ముందూ "దొరగారు దయతలిచి ఇచ్చిన పొలం" అంటూ చేతులు జోడించేవాడు. దొరగారంటే, మా ఊరికొచ్చిన ఏడాదే మావాళ్లకు బాప్తిస్మాలిచ్చిన తెల్ల మిషనరీ. మావయ్య దగ్గర ఆధారమూ ఉంది. పెట్టెలో ఉన్న పాత కాగితం, ఆ చెక్కకు పట్టా అడుగుతూ పెట్టిన అర్జీ, మరెవరో ఆడమనిషి పేరు మీద ఉంది. ఆవిడ దగ్గర తీసుకుని దొరగారు మనకిచ్చారని ఆయన వాదన. కన్నకొడుకే అలా అన్నప్పుడల్లా అమ్మమ్మ పలావు పళ్లెం పక్కకు నెట్టేసేది. "నేను పోయేలోగా ఆడి నోరు మూయించవే" అనేది ఫోన్‌లో. నిజం ఒప్పుకోవాలంటే, అమ్మమ్మ మీద జాలికంటే నాకు కుతూహలమే ఎక్కువ. ఆ అర్జీలో ఆవిడెవరు?

సెలవు మీద వెళ్లిన మా ఊరి నర్సు తిరిగొస్తూ ఆవకాయ సీసాల మధ్య జెరాక్సు కాగితాలు పెట్టుకొచ్చింది. ఒకటి ఆ అర్జీ, అడుగున వేలిముద్రతో. తక్కినవి చర్చి రిజిస్టరులో రెండు పేజీలు: తాతమ్మ బాప్తిస్మం, అమ్మమ్మ పెళ్లి. పెళ్లి పేజీలో పెళ్లికూతురి తల్లిగా తాతమ్మ వేలిముద్ర వేసింది. నెలరోజులు ఆ కాగితాలు యాప్రాన్ జేబులో పెట్టుకు తిరిగాను. ఆవకాయ నూనె మరక పెద్దదైంది తప్ప నాకేమీ తేలలేదు.

మా ఆసుపత్రి ఫైళ్ల గదిలో కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం సోదరుడుండేవాడు. ఒకే రోగికి పొరపాటున రెండు ఫైళ్లు తెరిస్తే, వెతికి వాటిని కలపడం అతని పని. ఒకనాడు టీ తాగుతూ నా గోడంతా విన్నాడు.

"పేరు ఇడిసిపెట్టండక్కా. పేరు చూసుకుంటా కూర్చుంటే మాకు పొద్దు పోతాది గానీ పని కాదు. ఇంగేమన్నా గుర్తుందేమో చూడండి" అన్నాడు. కాగితాలు పక్కపక్కన పరిచి, రెండు ముద్రల మీదా వేలు పెట్టాడు. "ఈ అడ్డగీత చూసినారా? రెండిట్లోనూ ఉండాది."

ఏటవాలుగా, ముద్రను రెండు ముక్కలు చేస్తూ, తెల్లటి గీత. రెండిట్లోనూ ఒకే చోట. నా తెలివికి నాకే సిగ్గేసింది. బాప్తిస్మంతో మావాళ్లకు కొత్త పేరు వస్తుంది. పాత పేరు ఇంట్లో ఎత్తకూడదని మా పెద్దల పట్టుదల. అంతా తెలిసి కూడా, చర్చి పేరు పట్టుకుని పాత అర్జీలో తాతమ్మ కోసం వెతికాను! అర్జీ మీది సంవత్సరం చూస్తే బాప్తిస్మానికి నాలుగేళ్లు ముందుది. అంటే అప్పటికి దొరగారు మా ఊరి మొహమే చూడలేదు.

శుక్రవారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ముందు ఏమీ చెప్పకుండా, తాతమ్మ బొటనవేలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగాను.

"నీకెవరు చెప్పారే?" అంది అమ్మమ్మ. "రెల్లు కోస్తా కొడవలేసుకుంది. నాకు ముద్ద పెడతంటే ఆ మచ్చ పెదాలకి గరుగ్గా తగిలేది."

అప్పుడు సంగతంతా చెప్పాను. పొలం ఎవరో ఇచ్చింది కాదు, ఆవిడ చేసుకున్నదే అన్నాను. మావయ్యను నాలుగు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ అర్జీలో మా అమ్మ పేరేమని ఉందే?" అంది మెల్లగా.

అమ్మమ్మకు తెలియదు! ఎనభై ఏళ్లు దాటిన మనిషి తల్లి పాత పేరు ఒక్కసారైనా వినలేదు. నేను చదివాను. తను మూడుసార్లు పలికింది, మూడోసారి పెరట్లో ఉన్న మనిషిని కేకేసినట్టుగా. నాకు ఏడుపొచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది అమ్మమ్మది.

ఆ క్రిస్మస్‌కు మావయ్య దొరగారి ఊసెత్తలేదట, అమ్మమ్మ పళ్లెంలో మెతుకు మిగల్చలేదట. ఈస్టర్ దాటాక తను వెళ్లిపోయింది. బ్యాంకు యంత్రం నా వేలిని గుర్తుపట్టకపోతే పోనీ. ఒక కూతురు తల్లిని మొదటిసారి పేరుపెట్టి పిలవడం విన్నదాన్ని నేను. తీసుకున్నది ఎంత ఆలస్యంగానైనా కాలం ఒక్కోసారి తిరిగి తెచ్చిస్తుందని ఆ సాయంత్రమే తెలుసుకున్నాను.