కంచె సందులో పట్టే కప్పు

ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ కుంచె మావయ్యే. మందుల షాపు బోర్డు, మంగలి షాపు బోర్డు, "ఇచ్చట చెత్త వేయరాదు", "కుక్క ఉన్నది జాగ్రత్త", ఏది చదివినా ఆయన చేతిరాతే. ప్లాస్టిక్ బోర్డులొచ్చి సగం పని మింగేశాయి గానీ, గుండ్రటి అక్షరం మీద ఆయన చెయ్యి ఆగకుండా తిరిగే తీరు చూడ్డానికి జనం ఇప్పటికీ సైకిలు దిగి నిలబడతారు. నలభై ఏళ్లు నిచ్చెన మీద బతికిన మనిషి కదా, నేల మీద నడకే ఆయనకి కాస్త తడబాటు.

ఊళ్లో ఫుట్‌బాల్ స్టేడియం కట్టినప్పుడు కుర్చీల మీద అంకెలు వేసింది కూడా ఆయనే. అన్ని వేల కుర్చీల్లోనూ తనకంటూ ఎంచుకున్నది ఇరవై ఆరో వరుసలో ఒకటో నంబరు. ఆ కుర్చీ చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. పక్కనే నిలువు ఊచల ఇనప కంచె. కంచెకి అటువైపు బయటి ఊరి జట్టు తాలూకు జనం కూర్చుంటారు. అందులో కూర్చుంటే సగం మైదానాన్ని ఊచల్లోంచి చూడాలి, జైల్లో ఖైదీలా.

"అంత స్టేడియం నీ చేతిలో పెడితే ఏరి ఏరి ఈ గుడ్డి కుర్చీ పట్టావేంటి మావయ్యా?" అని గంటాయన వేళాకోళమాడేవాడు. గంటాయనంటే మంగలి షాపాయన. ఊరి జట్టు గోలు కొట్టినప్పుడల్లా పాత బడిగంట ఒకటి వాయిస్తాడు. జట్టు ఓడిపోయిన రోజు ఆయన దగ్గర గడ్డం గీయించుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఆ గుడ్డి కుర్చీకి కారణం ఒకటుంది. కంచెకి అటువైపు మొదటి కుర్చీ తమ్ముడిది.

తమ్ముడు పెళ్లయ్యాక నది అవతలి ఊళ్లో, నూలు మిల్లులో ఫిట్టరుగా చేరాడు. రైల్లో రెండు స్టేషన్ల దూరం. చేరినవాడు ఊరుకున్నాడా? ఆ ఊరి నీలం జట్టుకి వీరాభిమాని అయి కూర్చున్నాడు. "పుట్టింటి ఎర్రజట్టుని వదిలి అత్తారింటి జట్టుకి అమ్ముడుపోయావు కదరా" అని అన్న, "గెలిచేవాళ్ల వెనక నడవడానికి అభిమానమెందుకు అన్నయ్యా, రెండు కాళ్లుంటే చాలు" అని తమ్ముడు. ఏడాదికి రెండు మ్యాచులు, ఒకటిక్కడ, ఒకటక్కడ. రెండు చోట్లా కంచె ఉంది. రెండు చోట్లా కంచె పక్కనే ఇద్దరూ. సగం ఆట అయ్యాక విరామంలో అన్న ఫ్లాస్కు తీసి రెండు కప్పుల్లో టీ పోస్తాడు. ఒక కప్పు ఊచల మధ్య నుంచి అటు వెళ్తుంది. ఒలక్కుండా ఊచల సందులో పట్టే కప్పుల కోసం ఆయన మూడు షాపులు తిరిగాడట.

పదకొండేళ్ల కిందట వాళ్లమ్మ తమ్ముడింట్లో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టర్లు. నేనొచ్చేదాకా ఆగండని అన్న ఫోన్లో అరిచాడు. ఆగితే ప్రమాదమన్నారని తమ్ముడు సంతకం పెట్టాడు. మత్తిచ్చారు, ఆవిడ లేవలేదు. ఆస్పత్రి వరండాలో, పదిమంది ముందు, అన్న ఒకే ఒక్క మాటన్నాడు.

"అమ్మని నువ్వే పొట్టన పెట్టుకున్నావురా."

 అంతే, రాకపోకలు ఆగిపోయాయి. మంచికీ చెడుకీ పిలుపుల్లేవు.

నాలుగు నెలలకి మ్యాచొచ్చింది. వాడెందుకొస్తాడులే అనుకుంటూనే వెళ్లి కూర్చున్నాడు అన్న. వాడొచ్చాడు. ఇద్దరూ ఎదురుగా మైదానం వైపే చూస్తూ సగం ఆట గడిపారు. విరామంలో సంచీ తెరిస్తే, భార్య అలవాటుకొద్దీ కప్పులు రెండు పెట్టింది. ఏం చేస్తాడు? పోశాడు. అటు చాచాడు. తమ్ముడు తీసుకుని తాగాడు.

"చక్కెర తక్కువైంది."

"మీ గోల్‌కీపరుకి చూపు తక్కువైంది. ముందది చూసుకో."

అప్పట్నుంచీ అదే వరస. ఏడాదికి రెండుసార్లు మాటలు, అవీ ఆట గురించే. ప్రతిసారీ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు అన్న అనుకునేవాడు, ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పెయ్యాలని. విరామం పావుగంటే కదా. సగం టీకి, సగం రిఫరీని తిట్టుకోడానికి సరిపోయేది. ఈల మోగేది. సర్లే, వచ్చే మ్యాచుందిగా.

అట్లాంటి రోజుల్లో పిడుగులాంటి వార్త. దేశదేశాల్లో డబ్బున్న క్లబ్బులు పది కలిసి వేరు కుంపటి పెట్టుకుంటున్నాయట. ఇక మీదట వాళ్లలో వాళ్లే ఆడుకుంటారట. ఆ పదింట్లో ఎర్రజట్టూ ఒకటి.

మంగలి షాపులో ఆ పొద్దున ఒక్క కత్తెరా ఆడలేదు.

"విన్నావా మావయ్యా!" గంటాయన సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి బయటికొచ్చాడు. "ఎన్నిసార్లు ఓడినా కింది లీగుకి దిగేది లేదంట. పరీక్ష రాయకుండానే ఏటా పాసన్నమాట! మా ఇంట్లో ఒకడున్నాడు, వాడికి తెలిస్తే ఎగిరి గంతేస్తాడు."

"చిన్న ఊళ్లతో ఆడితే పరువు పోతుందంటన్నా" అన్నాడు సబ్బు నురగతో కుర్చీలోంచే ఆ సగం గడ్డం మనిషి.

"ఈ జట్టు పుట్టిందే రైల్వే కూలీల మధ్య. ఇప్పుడు పరువొచ్చిందా వీళ్లకి?"

కుంచె మావయ్య ఒక్కటే అడిగాడు. "మరి నీలం జట్టుతో మ్యాచు?"

"ఇంకెక్కడి మ్యాచు? ఈ శనివారందే ఆఖరిది."

ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

శనివారం ఎవ్వరూ లోపలికి వెళ్లకూడదని తీర్మానమైంది. అందరూ గేటు బయటే నిలబడాలి, టీవీలో ఖాళీ కుర్చీలు చూసి ఓనరు తలదించుకోవాలి. దానికో పెద్ద గుడ్డ, గుడ్డ మీద రాత. రాత ఎవరిదో వేరే చెప్పాలా? ఇంటి ముందు వీధంతా గుడ్డ పరిచి, మోకాళ్ల మీద పాక్కుంటూ రాశాడు కుంచె మావయ్య. "ఖాళీ కుర్చీలతో ఆడించుకోండి." మనిషెత్తు అక్షరాలు, ఎర్రరంగు. జీవితంలో అంత కోపంతో ఏదీ రాయలేదాయన.

భార్య గుమ్మంలో నిలబడి చూసింది. "మీరూ లోపలికెళ్లరా?"

"రాసినవాణ్ని నేనే దూరితే నలుగురూ నవ్వరూ?"

"మరి మరిదిగారొస్తారేమో?"

"వాడూ రాడులే. ఇంత గొడవవుతుంటే ఆ ఊరివాళ్లు మాత్రం ఊరుకుంటారా?"

"ఓసారి ఫోన్ చేసి అడిగితే నోటి ముత్యాలు రాలతాయా?"

ఆయన ఫోన్ వైపు చూశాడు. పదకొండేళ్లుగా ఆ నంబరు నొక్కలేదు. చెయ్యి నిండా ఎర్రరంగు కూడాను. "వాడికి తెలుసులే" అని మళ్లీ కుంచె ముంచాడు.

శనివారం మధ్యాహ్నం గేటు ముందు ఇసకేస్తే రాలని జనం. పైన ఆయన అక్షరాలు, కింద గంటాయన గంట. సంచీలో ఫ్లాస్కు, రెండు కప్పులు. ఎందుకు తెచ్చాడంటే ఆయనా చెప్పలేడు. ఆట మొదలైన కాసేపటికి లోపల్నుంచి పాట వినబడింది, ఓ నాలుగైదు వందల గొంతులు.

"ఎవర్రా అది?"

"నీలం వాళ్లు. అవతలి గేటు నుంచి వెళ్లారు. వాళ్లకిదే ఆఖరి చూపంట పాపం, ఎలా మానుకుంటారు?"

 కుంచె మావయ్య జనాన్ని తోసుకుంటూ గేటు వైపు నాలుగడుగులు వేశాడు. ఇంతలో గంటాయన భుజం పట్టేశాడు. "ఎక్కడికి మావయ్యా? టీవీ వాళ్లు నీ రాతే తీస్తున్నారు. వచ్చి దాని కింద నిలబడు! ఇదిగోనండీ, ఈ చెయ్యే రాసింది!" అని ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. జనం చప్పట్లు. ఆ చప్పట్లలోంచి గేటులోకి ఎలా నడవగలడు? కెమెరా ముందు నిలబడ్డాడు. లోపల విరామం ఈల మోగింది. ఆయన చెయ్యి సంచీలో ఫ్లాస్కు మీదే ఉంది. పావుగంటకి మళ్లీ ఈల మోగింది.

మంగళవారానికల్లా ఓనర్లు తోక ముడిచారు. ఊరూరా ఇదే గోలైతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? గంటాయన వీధి వీధీ తిరిగి గంట కొట్టాడు. కుంచె మావయ్యని కుర్రాళ్లు భుజాల మీద మోశారు. ఆయన నవ్వాడు. ఫర్వాలేదు, వచ్చే మ్యాచుందిగా.

అయిదు నెలలకి అది నది అవతలి ఊళ్లో జరిగింది. ఆట మొదలవక ముందే వెళ్లి కంచె పక్కన కూర్చున్నాడాయన. అటువైపు తమ్ముడి కుర్చీలో ముప్పయ్యేళ్ల అమ్మాయి. కాసేపు పరాయి మనిషనుకున్నాడు. గడ్డం దగ్గర సొట్ట చూసి తమ్ముడి కూతురని పోల్చుకున్నాడు. తన తల్లికీ అక్కడే సొట్ట.

"పెదనాన్నా, ఈసారైనా వస్తారో రారో అనుకున్నాను."

"నాన్నేడమ్మా?"

"నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పడిపోయింది. నాలుగున్నర నెలలైంది."

"నాకు కబురెందుకు పెట్టలేదు తల్లీ?"

ఆ అమ్మాయి ఊచ పట్టుకుని చెప్పింది. "ఆ శనివారం ఇంటికొచ్చి ఒకటే మాటన్నాడు పెదనాన్నా. 'అన్నయ్య రాలేదమ్మా. ఆఖరిదని తెలిసి కూడా రాలేదు' అని. ఆ తర్వాత మీకెలా చెప్పమంటారు?"

"నేను గేటు బయటే ఉన్నానమ్మా. అక్కడే, గోడకి ఇవతల."

"బయటా?" అని ఆ అమ్మాయి ఊచ వదిలేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ పొద్దున అమ్మతో చెప్పి బయల్దేరాడంట, నానమ్మ ఆఖరున అన్న మాటొకటి ఇవాళ అన్నయ్యకి చెప్పేస్తానని."

"ఏమందంట?"

"అమ్మకి కూడా చెప్పలేదు. ముందు మీకే చెప్పాలన్నాడంట."

మైదానంలోకి జట్లు దిగుతున్నాయి. కుంచె మావయ్య సంచీ తీసుకుని లేచాడు. ఆఖరి ఈల మోగకుండా ఆయన కుర్చీ వదలడం అదే మొదలు.

ఇల్లు స్టేడియం వెనక రెండో సందు, ఆ అమ్మాయే దారి చూపింది. తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్లో నీలం తువ్వాలుతో, మైదానం హోరు వింటున్నాడు. అన్నని చూసి సగం మొహమే కదిలింది. అన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పదకొండేళ్లుగా చెబుదామనుకున్నది తీరా నాలుగు ముక్కలే అయింది.

"ఆ మాట నేననకుండా ఉండాల్సిందిరా. ఆ శనివారం గేటు బయటే ఉన్నాను. నువ్వొస్తావనుకోలేదు."

తమ్ముడి కంట్లోంచి నీరు కారింది. తలూపాడు.

"అమ్మ ఏదో అందంట. నా గురించేనా?"

మళ్లీ తలూపాడు.

"ఏమందిరా?"

తమ్ముడి నోరు కదిలింది. మెడ నరాలు తేలాయి. ఏదో శబ్దం వచ్చింది. మళ్లీ అదే శబ్దం. "అన్నిటికీ ఆ ఒక్కటే వస్తుంది పెదనాన్నా" అంది అమ్మాయి.

కుంచె మావయ్య ఆగలేదు. జేబులోంచి పెన్సిలు తీశాడు. గోడ మీది కేలండరు చించి వెనక్కి తిప్పాడు. అ, ఆ, ఇ... వరసగా, పెద్దగా, ఏ బోర్డు మీదా రాయనంత శ్రద్ధగా రాసుకుంటూ పోయాడు. "దేని మీద ఆగాలో చూపించరా. ఎడంచెయ్యి పెట్టు. ఎంతసేపైనా ఫర్వాలేదు, ఒక్కో అక్షరమే పట్టుకుందాం."

తమ్ముడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. బొమ్మల్ని చూసినట్టు చూశాడు.

"అక్షరాలు కూడా పోయాయి పెదనాన్నా" అని గోడ వైపు తిరిగి చెప్పింది ఆ అమ్మాయి. "డాక్టరుగారు చెప్పారు. ఇక చదవలేడు."

కుంచె మావయ్య చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. ఊరందరి మాటలూ నలభై ఏళ్లు రాసిన చెయ్యి అది.

మైదానం దగ్గర హోరు ఒక్కసారిగా తగ్గింది. విరామమై ఉంటుంది. ఆయన ఫ్లాస్కు మూత తిప్పి రెండు కప్పుల్లో టీ పోశాడు. మధ్యలో కంచె లేదు. అయినా మోచెయ్యి ఒంటికి ఆనించి, కప్పుని ఇరుకు సందులోంచి దాటిస్తున్నట్టే దాటించి తమ్ముడి నోటికి అందించాడు. సగం లోపలికెళ్లింది, సగం తువ్వాలు మీద కారింది.

"ఇవాళ చక్కెర ఎక్కువే వేయించానురా" అన్నాడు అన్న.

తమ్ముడు ఆ ఒక్క శబ్దమే చేశాడు.